నరసన్నపేట నుంచి శ్రీనగర్‌కి: మంచు పడే నాలుగు నెలలు పరుగు దమ్ము ఎలా నిలబెట్టుకోవాలి?

వంశధార_ఒడ్డు (నరసన్నపేట):

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద డిసెంబరు మొదటి వారంలో శ్రీనగర్ వెళ్తున్నాను. మార్చి ఆఖరు దాకా అక్కడే. ఇప్పుడు వారానికి ఐదు రోజులు, మొత్తం 45 కి.మీ. దాకా పరిగెడుతున్నాను. ఆదివారం లాంగ్ రన్ 16 నుంచి 18 కి.మీ. హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) టైము 1 గంట 58 నిమిషాలు. ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి ఈ దమ్ము పోకూడదు, అదొక్కటే నా బెంగ.

అడగాల్సినవి ఇవి. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరే అలవాటు అక్కడ పనికొస్తుందా? మంచు మీద మామూలు రోడ్డు షూ సరిపోతుందా, వేరే ఏటైనా కొనాలా? వారానికి 45 కాస్తా 25కి పడిపోతే ఎంత నష్టం? బయటికి అడుగు పెట్టలేని రోజున గదిలో ఏం చెయ్యాలి? నాకిచ్చే గది నాలుగో అంతస్తులో ఉందట, దగ్గర్లో చిన్న జిమ్ము, అందులో రెండు ట్రెడ్‌మిల్లులు ఉన్నాయట. వెళ్లేలోపు ఇక్కడ చేసుకోవలసింది ఏమైనా ఉంటే అది కూడా చెప్పండి.

బొబ్బిలి_మాస్టారు:

తమ్ముడూ, నాలుగు నెలలూ 45 కి.మీ. పట్టుకుని వేలాడకు. కిలోమీటర్లు తగ్గనీ, గట్టి పరుగు మాత్రం తగ్గనివ్వకు.

దీనికి ఆధారం ఉంది. 1980లలో హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం కొంతమందికి పది వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకి 40 నిమిషాలు గట్టి శిక్షణ ఇచ్చింది. తర్వాత 15 వారాలు ఒక్కొక్కటీ తగ్గించి చూశారు. రోజులు ఆరు నుంచి రెండుకి తగ్గించినా, ఊపిరి, గుండె ఆక్సిజన్ అందించే గరిష్ఠ శక్తి నిలబడింది. రోజుకి 40 నిమిషాలని 13కి తగ్గించినా నిలబడింది. తీవ్రతను మూడో వంతు తగ్గించేసరికి పడిపోయింది. ఇందులో నీకు పనికొచ్చే ఇంకో ముక్క కూడా ఉంది: 13 నిమిషాల వాళ్లకి ఆక్సిజన్ శక్తి నిలిచింది గానీ, ఎక్కువసేపు ఆగకుండా చేసే ఓపిక తగ్గింది. అంటే గట్టి పరుగు ఉంచాలి, వారానికి ఒక పొడుగు పరుగు కూడా ఉంచాలి. మధ్యలో ఉండే మామూలు కిలోమీటర్లను మంచుకి వదిలేయొచ్చు.

నీ 1:58 అంటే కిలోమీటరుకి సుమారు 5 నిమిషాల 36 సెకన్లు. నీకు వారం ఇలా ఉంటే చాలు. మంగళవారం ట్రెడ్‌మిల్ మీద 12 నిమిషాలు మెల్లగా, తర్వాత 6 నిమిషాల చొప్పున నాలుగు గట్టి పరుగులు, మధ్యలో 2 నిమిషాలు నెమ్మది. గట్టి పరుగంటే మూడు నాలుగు మాటలు మించి ఒక్క ఊపిరిలో పలకలేని వేగం, మెషిన్ మీద గంటకి 11 కి.మీ. దగ్గర. గురువారం 35 నిమిషాలు మెల్లగా, చివర్లో 20 సెకన్ల విసురు పరుగులు ఆరు. అది కూడా నేల పొడిగా ఉంటేనే. ఆదివారం బయట 75 నుంచి 90 నిమిషాలు. మిగతా రోజుల్లో వీలైతే ఒక 30 నిమిషాలు, వీల్లేకపోతే నడక. మొత్తం 25 నుంచి 30 కి.మీ. తేలుతుంది. చాలు.

ఆదివారం పరుగును దూరంతో కొలవొద్దు, గడియారంతో కొలువు. చీలమండ దాకా మంచు ఉంటే అదే శ్రమకి కిలోమీటరుకి నిమిషం, నిమిషంన్నర వెనకబడతావు. ఆ వేగం చూసి కంగారుపడి తోస్తే మెల్లగా సాగాల్సిన రోజు గట్టి రోజైపోతుంది, మంగళవారానికి కాళ్లలో సత్తువ ఉండదు. పైగా శ్రీనగర్ సముద్ర మట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి మన తీరం కంటే ఆరో వంతు తక్కువ. మొదటి పది రోజులు పరుగులో మామూలు కంటే ఆయాసం ఎక్కువ ఉండొచ్చు, ఆ పది రోజుల్లో గట్టి పరుగు పెట్టుకోకు.

నాలుగున్నర గంటల లెక్క ఇక్కడే మర్చిపో. మన దగ్గర ఆ వేళ ఎంచుకునేది ఎండ తప్పించుకోవడానికి. అక్కడ ఎండ కోసమే ఎదురు చూడాలి. డిసెంబరు ఆఖర్లో శ్రీకాకుళంలో 6:20 ప్రాంతంలో తెల్లవారుతుంది, శ్రీనగర్‌లో ఏడున్నర. రాత్రి సున్నాకి దిగువన నాలుగైదు డిగ్రీలకి దిగడం అక్కడ మామూలు. పగలు కరిగిన నీళ్లు ఆ చలికి మళ్లీ గట్టిపడి తారు మీద కంటికి ఆనని గాజుపొరలా ఉంటాయి. బొక్కబోర్లా పడేది మెత్తటి మంచులో కాదు, ఈ పొర మీదే. ఇంకోటి, పొద్దున్నా సాయంత్రమూ బొగ్గు, కర్ర పొగ లోయలో కిందికి దిగి అలాగే నిలిచిపోతుంది. మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య పొరా కరుగుతుంది, పొగా కొంత పైకి లేస్తుంది. ఆఫీసులో భోజనాల వేళ ఒక గంట అడిగి పెట్టుకో. ఆదివారం ఎలాగూ నీదే.

డిసెంబరు 21 నుంచి 40 రోజులని అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు. చలి గట్టిగా ఉండే కాలం అదే. దాని తర్వాత 20 రోజుల చిల్లై ఖుర్ద్, ఆపైన 10 రోజుల చిల్లై బచ్చా. మొదటి 40 రోజుల్లో ఉన్నది నిలబెడితే చాలు, పెంచాలని చూడకు. ఫిబ్రవరి సగం దాటాక వారానికి 3, 4 కి.మీ. చొప్పున పెంచుకుంటూ పోతే మార్చి ఆఖరుకి మళ్లీ 40 దాటతావు.

పలాస_జీడితోట:

మాస్టారు శిక్షణ చెప్పేశారు కాబట్టి బట్టలు, షూల సంగతి నేను చెప్తాను.

ముందు బట్టలు. పొందూరు ఖద్దరు మనకి వేసవిలో ఎందుకు హాయి? చెమట పీల్చుకుని నెమ్మదిగా ఆరుతుంది, ఒంటికి చల్లగా తగులుతుంది. మంచులో ఆ గుణమే ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఒంటికి తగిలే మొదటి పొర నూలుది కాకూడదు. బనియను, డ్రాయరు, మేజోళ్లు అన్నీ పాలియెస్టర్‌వో మెరినో ఉన్నివో ఉండాలి. రెండో పొర పల్చటి ఫ్లీస్ (నూగున్న మెత్తటి సింథటిక్ గుడ్డ). మూడోది గాలి ఆపే విండ్‌చీటర్, చంకల కింద జిప్పో జాలీయో ఉంటే ఇంకా మంచిది. ఈకలు నింపిన లావు జాకెట్ నడకకి, ఆఫీసుకి. పరుగుకి వేస్తే పది నిమిషాల్లో లోపల తడిసి ముద్దవుతుంది.

ఎంత వేసుకోవాలో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది: బయట ఉన్న డిగ్రీలకి పది కలిపి, ఆ వాతావరణంలో నడకకి ఏం వేసుకుంటావో అదే పరుగుకి వెయ్యి. గది దాటిన మొదటి ఐదు నిమిషాలు కొంచెం వణకాలి. అప్పుడే వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టు. మధ్యాహ్నం 5 డిగ్రీలుంటే మొదటి పొర, దాని మీద విండ్‌చీటర్, టైట్స్, పల్చటి గ్లవ్స్, చెవుల పట్టీ సరిపోతాయి. సున్నాకి దిగువ 5 అయితే ఫ్లీస్ కలుపు, గ్లవ్స్ బదులు నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్ వేసుకో, వేళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి.

గాలిని తక్కువ అంచనా వెయ్యకు. సున్నాకి దిగువ 5 డిగ్రీల్లో గంటకి 20 కి.మీ. గాలి వీస్తే చర్మానికి అది దిగువ 12 లెక్క. అందుకే ముందు సగం గాలికి ఎదురు వెళ్లి, వెనక్కి గాలివాటున రావాలి. తిరగేస్తే, చెమట పట్టిన ఒంటితో ఎదురుగాలిలో చిక్కుకుంటావు.

ఇప్పుడు షూ. నీ రోడ్డు షూ తాజా మంచు మీద ఫర్వాలేదు, తొక్కి తొక్కి గట్టిపడిన మంచు మీద మాత్రం పట్టు ఉండదు. మూడు దారులున్నాయి. మొదటిది, లోతైన పళ్లున్న ట్రెయిల్ షూ. మెత్తటి మంచుకి, బురద మంచుకి మంచిది, గాజుపొర మీద ఇదీ జారుతుంది. రెండోది, షూకి తొడిగే రబ్బరు పట్టీ, దాని కింద ఉక్కు ముళ్లు. గాజుపొర మీద దీన్ని మించింది లేదు. కానీ పొడి తారు మీద పరిగెడితే ముళ్లు త్వరగా అరుగుతాయి, అరికాలికి గుచ్చుకున్నట్టు ఉంటుంది. తీసి జేబులో పెట్టుకోవడానికి వీలున్నదే కొను.

మూడోది, తక్కువ ఖర్చులో అయిపోయేది, పాత షూకి స్క్రూలు. హార్డ్‌వేర్ షాపులో ఆరు పలకల తల ఉన్న సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు అడుగు, పొడవు 10 మిల్లీమీటర్లు మించకూడదు. రేకుల షెడ్లకి వాడే పొడుగు స్క్రూ ఇస్తారు, వద్దను, అది అరికాల్లోకి దిగుతుంది. ఒక్కో షూకి 12 చాలు: ముందు భాగం అంచు వెంబడి ఏడు, మడమ చుట్టూ ఐదు. బొటనవేలి మొదట్లో బరువు పడే గుండ్రటి చోటు కింద ఒక్కటి కూడా వద్దు. సోల్ మందం ముందువైపు 15 మిల్లీమీటర్ల కన్నా తక్కువున్న షూకి ఈ పని చెయ్యొద్దు. గాలి బుడగో జెల్లో ఉన్న సోల్‌కి అసలే వద్దు. స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టుకుని, చేతి నట్ డ్రైవరుతో బిగించు. సుత్తితో కొడితే వంకరపోతుంది. బిగించాక చెయ్యి లోపల పెట్టి మొన తగులుతోందేమో తడుము. పట్టు ఇచ్చేది తల అంచే కాబట్టి, అంచు అరిగి నున్నబడగానే మార్చెయ్యాలి. ఒక జాగ్రత్త: ఆ షూతో టైల్స్, పాలరాతి మీద కాలు పెట్టావో, మంచు మీద కంటే ఘోరంగా జారుతుంది. గుమ్మం దగ్గరే విప్పెయ్.

కొనే షూ అర సైజు పెద్దది చూసుకో. ఉన్ని మేజోడుతో ఇరుకైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. షూ ముందు జాలీ మీద వెడల్పాటి టేపు అంటిస్తే గాలీ తడీ ఆగుతాయి. బురద మంచు రోజున పల్చటి మేజోడు మీద పాలిథిన్ కవరు, దాని మీద ఉన్ని మేజోడు. చూడ్డానికి ఎలా ఉన్నా వేళ్లు పొడిగా ఉంటాయి. తడిసిన షూని హీటరు పక్కన పెట్టకు, జిగురు వదులుతుంది, అడుగు నురుగు కుంచించుకుపోతుంది. లోపలి అట్ట తీసేసి, న్యూస్ పేపరు కుక్కి, గంటకోసారి రెండు సార్లు పేపరు మార్చు, తెల్లారేసరికి ఆరుతుంది. రెండు జతలుంటే ఈ బాధే లేదు.

అడుగు వేసే తీరు కూడా మార్చాలి. అంగ చిన్నది, అడుగులు త్వరత్వరగా, పాదం నడుము కిందే పడాలి, ముందుకి చాచకూడదు. మడమతో బ్రేకు వేసినట్టు దిగితే అక్కడే జారుతుంది. మలుపు దగ్గర పరుగు ఆపి నడువు. మొదటి వారం మంచు మీద 30 నిమిషాలు మించొద్దు. ప్రతి అడుగుకీ కొద్దికొద్దిగా జారుతుంటే గజ్జల లోపలి కండరం, పిక్క, మడమ నరం పట్టేస్తాయి. ఆ నొప్పి ఆ రోజు తెలియదు, మర్నాడు లేవగానే తెలుస్తుంది.

ఆమదాలవలస_కుర్రాడు:

ఇంత అవస్థ దేనికన్నా? నాలుగు నెలలూ ట్రెడ్‌మిల్ మీదే కానిచ్చేస్తే పోదా? బయటికి వెళ్లాల్సి వస్తే ఒళ్లంతా కొబ్బరినూనె పట్టిస్తే చలి తగలదని మా వైపు పెద్దవాళ్లు అంటారు. అది నిజమేనా?

వంశధార_ఒడ్డు:

మాస్టారూ, పలాస అన్నా, చాలా థాంక్స్. ట్రెడ్‌మిల్ గురించే ఒక మాట. చలికాలంలో అక్కడ కరెంటు తరచూ పోతుందని చెప్తున్నారు. గదిలో గ్యాస్ హీటరు ఉంటుందట. తలుపులేసుకుని గదిలోనే స్కిప్పింగ్, బస్కీలు చేసుకుంటే సరిపోతుందా?

విజయనగరం_డాక్టరమ్మ:

బాబూ, ఈ చివరి ప్రశ్న అడిగి మంచి పని చేశావు. గ్యాస్ హీటరు గానీ, బుఖారీ (గది వేడికి పెట్టే కర్ర, బొగ్గు పొయ్యి) గానీ, కాంగ్డీ (చేత్తో పట్టుకునే నిప్పుల కుంపటి) గానీ వెలుగుతున్న మూసిన గదిలో వ్యాయామం చెయ్యకూడదు. ఇవి గాలి చాలకుండా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికంటే రెండొందల రెట్లు మించి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. వ్యాయామంలో ఊపిరి నిమిషానికి ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతావు కాబట్టి విషం కూడా అంత వేగంగా ఎక్కుతుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే అలసటనుకోకు. హీటరు ఆపి, కిటికీ తెరిచి, బయటి గాలిలోకి వెళ్లి, అక్కడి నుంచి ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. గదిలో చెయ్యాలంటే హీటరు ముందే ఆర్పేసి, కిటికీలు తెరిచి గది గాలంతా మార్చి, ఒక కిటికీ నాలుగు వేళ్ల సందు ఉంచి మొదలుపెట్టు. పది నిమిషాల్లో ఒళ్లే వేడెక్కుతుంది, హీటరుతో పని ఉండదు. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఇదే నియమం.

నాలుగో అంతస్తు గది నీకు వరం. మెట్ల మీద చేసేది ట్రెడ్‌మిల్ గట్టి పరుగుకి ఏమాత్రం తీసిపోదు, కరెంటుతో పనీ లేదు. పది నిమిషాలు మెల్లగా ఎక్కి దిగి ఒళ్లు వేడెక్కాక, కింది నుంచి నాలుగో అంతస్తు దాకా 45 నుంచి 60 సెకన్లలో గట్టిగా ఎక్కు. దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని నడిచే దిగు. ఇలా ఎనిమిదితో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో పన్నెండుకి తీసుకెళ్లు. తొడల నొప్పులు వచ్చేది ఎక్కినందుకు కాదు, పరుగున దిగినందుకు. బయటి తలుపు దగ్గర మెట్ల మీద తడి ఉంటుంది, అక్కడ జాగ్రత్త.

ఆమదాలవలస బాబుకి: కొబ్బరినూనె చలిని ఆపదు. నూనె పొర వేడిని పట్టి ఉంచేంత మందం ఉండదు, పైగా 24 డిగ్రీలకి దిగువన కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. పెదాలకి, బుగ్గలకి వాజిలిన్ రాస్తే గాలికి పగలకుండా ఉంటుంది, అంతవరకే. చలికి ఒక పెగ్గు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనేది దీనికంటే ప్రమాదం. మద్యం చర్మం కింది రక్తనాళాలు తెరుస్తుంది, వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

చలిగాలికి ఊపిరితిత్తులు గడ్డకడతాయేమోనని చాలామంది భయపడతారు. కట్టవు. ముక్కు, గొంతు దాటేలోపే గాలి వేడెక్కుతుంది. కానీ ఆ గాలి బాగా పొడిగా ఉంటుంది, గట్టిగా పరిగెత్తితే గొట్టాలు ముడుచుకుని దగ్గు, పిల్లికూత రావచ్చు. ముక్కు, నోటి మీద పల్చటి బఫ్ (మెడకి తొడుక్కునే గొట్టం లాంటి గుడ్డ) కప్పుకుంటే నీ ఊపిరి తేమే నీకు తిరిగి అందుతుంది. అది తడిసి గడ్డకడుతుంది కాబట్టి రెండోది జేబులో ఉంచు. బయటికి వెళ్లే ముందు లోపలే పది పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించు. సున్నాకి దిగువన గట్టి పరుగులు బయట పెట్టుకోకు, మెల్లటివి ఫర్వాలేదు. ఆస్తమా ఉంటే డాక్టరును అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు.

వేళ్లు, చెవి తమ్మెలు, ముక్కు కొస తెల్లబడి తిమ్మిరెక్కితే వెంటనే లోపలికి వచ్చెయ్. చేతివేళ్లని చంకల్లో పెట్టుకో. చర్మం గట్టిపడి మైనంలా అయితే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో అరగంట దాకా ఉంచి, ఆసుపత్రికి వెళ్లాలి. రుద్దొద్దు. మంచుతో రుద్దడం మరీ తప్పు. కాంగ్డీ మీద, మంట మీద పెట్టొద్దు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట అసలు కరిగించొద్దు.

ఒకటి మాత్రం తప్పకుండా పాటించు. పొడుగు పరుగుని గది చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల చుట్టులుగా పెట్టుకో. ఎనిమిది కిలోమీటర్ల అవతల చీలమండ మెలిక పడితే, చెమటతో తడిసిన బట్టల్లో నిలబడిపోతావు. పరుగు ఆగిన పావుగంటకే వణుకు మొదలవుతుంది. చుట్టులైతే ఎప్పుడైనా పది నిమిషాల్లో గదిలో ఉంటావు, తడిసిన గ్లవ్స్ మార్చుకోవచ్చు, గోరువెచ్చటి నీళ్లు తాగొచ్చు. ఫోను లోపలి పొర జేబులో ఉంచు, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. చేతి వాచీ చూపించే గుండె లెక్క కూడా అక్కడ నమ్మొద్దు, చర్మం కింద రక్తం తగ్గి తప్పు చూపిస్తుంది. ఛాతీ పట్టీ అయితే సరిగ్గా చెప్తుంది.

దాహం వెయ్యడం లేదని నీళ్లు మానకు. చలిలో దాహం తగ్గుతుంది, మూత్రం ఎక్కువ పోతుంది, ఊపిరితో కూడా నీరు పోతుంది. మూత్రం రంగే నీకు కొలత, లేత పసుపు దాటితే తక్కువ తాగుతున్నట్టు.

బొబ్బిలి_మాస్టారు:

డాక్టరమ్మ గారు చెప్పింది అక్షరాలా పాటించు. ట్రెడ్‌మిల్ గురించి కొంచెం కలుపుతాను. నాలుగు నెలలూ అదే అంటే నాకు ఒప్పుదల లేదు. బెల్టు మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది, పక్కకి ఆపుకునే కండరాలకి పని ఉండదు, వెనక్కి వచ్చి మన గతుకుల రోడ్డు ఎక్కగానే చీలమండ దొరికిపోతుంది. వారానికి రెండు రోజులు దాని మీద, మిగతావి బయట. ఒక శాతం వాలు పెట్టుకోవాలని అందరూ చెప్తారు. బయట పరుగుకి గాలి వేసే అడ్డుకి సమానం అవడానికి అది. గంటకి పదిన్నర కిలోమీటర్ల పైన అది సరే. నీ మెల్లటి పరుగు 9 దగ్గర ఉంటుంది, అక్కడ వాలు సున్నా ఉంచినా తేడా లేదు. కరెంటు పోయే ఊరు కాబట్టి సేఫ్టీ క్లిప్ చొక్కాకి తగిలించుకో, గట్టి పరుగులు చేసేటప్పుడు పక్క కమ్మీకి చెయ్యి అందేలా ఉండు.

తిండి. మధ్యాహ్నం పన్నెండుకి పరుగైతే తొమ్మిదికి తినాలి. మన చోడి (రాగి) పిండి ఒక రెండు కిలోలు పట్టుకెళ్లు, బెల్లం వేసి వేడి వేడి అంబలి. అక్కడి చలికి అంతకంటే మంచిది దొరకదు. 75 నిమిషాలు దాటిన పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మామూలు ఖర్జూరాలు ఐదు తింటే సుమారు 30 గ్రాములు. జీడిపప్పులో కొవ్వు ఎక్కువ, పరుగు మధ్యలో వద్దు, తర్వాత తిను (పలాస వాళ్లు ఏమీ అనుకోకండి). చిక్కీ, ఎనర్జీ జెల్ చలికి రాయవుతాయి, ఒంటికి తగిలే జేబులో ఉంచాలి. నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టుకుంటే పైకి తేలే మంచు అడుగున చేరుతుంది, మూత దగ్గర గడ్డకట్టదు.

వెళ్లేలోపు ఇక్కడ చెయ్యాల్సింది ఇసుక. కళింగపట్నం బీచిలో, నీటి అంచున గట్టి ఇసుక వదిలేసి, పైన పొడి ఇసుకలో వారానికి రెండు సార్లు, 10 నిమిషాలతో మొదలుపెట్టి 25 దాకా. పొడి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీద కంటే 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని కొలిచి చెప్పారు. మెత్తటి మంచు అడిగేది ఇదే: పాదం దిగబడుతుంది, పిక్క తోస్తుంది, చీలమండ ప్రతిసారీ సర్దుకోవాలి. వంగిన ఒడ్డున ఎప్పుడూ ఒకే వైపు పరిగెత్తకు, వెళ్లినంత దూరం వెనక్కి రా. ఇంటి దగ్గర ఒంటికాలి మీద పిక్కలు లేపడం, ఒక్కో కాలికి 15 చొప్పున మూడు సార్లు. మెట్ల అలవాటుకి శాలిహుండం కొండ దగ్గర్లోనే ఉంది.

వంశధార_ఒడ్డు:

అన్నీ రాసుకున్నాను మాస్టారూ. ఇంకో రెండు. ఏప్రిల్‌లో దిగగానే ఇక్కడి ఎండ, ఉక్క. ఆ నాలుగు నెలల చలి ఒంటిని ఏం చేస్తుంది? స్క్రూల షూ విమానంలో తీసుకెళ్లనిస్తారా?

విజయనగరం_డాక్టరమ్మ:

ఎండకి అలవాటుపడిన ఒళ్లు చలిలో మూడు నాలుగు వారాల్లోనే ఆ అలవాటు చాలా వరకు పోగొట్టుకుంటుంది. చెమట ఆలస్యంగా పడుతుంది, రక్తంలో నీటి భాగం తగ్గుతుంది, అదే వేగానికి గుండె నిమిషానికి పది పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. దమ్ము పోయిందనుకుని ఆ వారం వేగం పెంచితే వడదెబ్బ. మళ్లీ అలవాటు రావడానికి 10 నుంచి 14 రోజులు కావాలి. మొదటి నాలుగు రోజులు సాయంత్రం ఐదున్నర తర్వాత 30 నిమిషాలు, మాట్లాడుతూ పరిగెత్తగల వేగం. తర్వాత రెండు రోజులకోసారి పది నిమిషాల చొప్పున పెంచి, రెండో వారం ఆఖరుకి గంటకి తీసుకురా. అప్పటిదాకా గట్టి పరుగులు తెల్లవారుజామునే, అవి కూడా సగం చొప్పున. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకో. కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు, ఆ రోజు ఓఆర్ఎస్ కలిపి అంతకి కొంచెం ఎక్కువే తాగు. మూత్రం ముదురు రంగులో ఉంటే, తల పోటు ఉంటే, ఆ రోజుకి పరుగు లేదు.

పలాస_జీడితోట:

షూ, ముళ్ల పట్టీ రెండూ చెకిన్ బ్యాగులో వేసెయ్. చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. అసలు స్క్రూలు ఇక్కడ బిగించుకోకపోతేనే మేలు. ఓ 40 స్క్రూలు, నట్ డ్రైవరు పొట్లం కట్టి అదే బ్యాగులో పెట్టుకో. మొదటి మంచు పడ్డాక, నువ్వు పరిగెత్తబోయే రోడ్డు చూసి, గట్టి మంచు ఉంటేనే బిగించు. డిసెంబరు మొదట్లో చాలా రోజులు నేల పొడిగానే ఉంటుంది, అప్పుడు నీ మామూలు షూయే హాయి.